నూనె కారేంతసేపు

సూర్రావూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు అందరితో పోట్లాడి అడిగిన ఆయిల్ టెస్టు కిరండూల్ గనిలో మన వర్క్‌షాపుకు ఇప్పటికి వచ్చింది. ఇక ఇన్ని గంటలు నడిచిందని డంపర్ ఆయిల్ పారబోయరు. సీసాలో కొంచెం తీసి పరీక్షకు పంపి, పాడైతేనే మారుస్తారు.

మొదటి సీసా నీ డంపర్‌దే. ఆయిల్‌లో మట్టి ఉంది, వెంటనే మార్చమని పరీక్ష చేసినవాళ్ళు రాసి పంపారు. ఆరా తీస్తే మనవాళ్ళు ఇంజిన్ మూత తుడవకుండానే తెరిచారట. గని ఎర్రదుమ్మంతా సీసాలో పడింది. నువ్వుంటే, "ముందు మూత తుడవండ్రా. దుమ్ము మనది, తప్పు ఇంజిన్‌దంటారేటి?" అనేవాడివి. ఓపిక లేకపోయినా నేనే తుడిచి, మళ్ళీ తీసి పంపాను.

ఇవాళ జవాబొచ్చింది. ఇంజినీరు సారు చూసి, "ఆయిల్ ఠీక్ హై, నడవనీ" అన్నారు. నీ మాటే నెగ్గింది.

వేడి ఆయిల్ కారినంతసేపూ డంపర్ పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళం, గుర్తుందా? షిఫ్టు మొత్తానికి మనకు అదే తీరిక. నువ్వు పోయాక కూడా ఆయిల్ మార్చే రోజున నేను అక్కడే కూర్చుంటున్నాను. ఇవాళ మార్చేది లేదన్నారు కదా. టీ నిలబడే తాగేసి పనిలోకి వెళ్ళాను.