సోముడి పలుపు

నాయనా,

నీ కాళ్లకు మొక్కి ఈరన్న రాసేది. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? అమ్మ దగ్గు తగ్గిందా? ఆలూరు దిక్కు వాన పడిందని ఆటోవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. మన చేను తడిసిందో లేదో తెలియజేయి. నేను బాగానే ఉన్నాను. ఫోన్లో మాట్లాడదామని రెండుసార్లు చేసి కూడా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. అమ్మకు వినిపించకు, నువ్వొక్కడివే చదువుకో.

ఎమ్మిగనూరు దాటాక ఒక రైతు తోటలో పని. పాత పశువుల కొట్టాలను కోళ్ల షెడ్లుగా మారుస్తున్నాం. గోడలు సగానికి పడగొట్టి జాలీ బిగించాం, సున్నం కొట్టాం, నేల మీద వరిపొట్టు పరిచాం. ఎండకు రేకులు మండిపోతాయి. జొన్నరొట్టె, ఉల్లికారం పెడతారు. తిండికి లోటు లేదు, దిగులు పడొద్దు.

నీకు చెప్పని మాటొకటుంది. సంతలో మన ఎద్దు సోముణ్ని కొన్నది ఈ రైతే. జోడెద్దు చచ్చిపోయాక ఒంటెద్దుతో సేద్యం సాగదని నువ్వే అమ్మమన్నావు కదా. వాణ్ని రోజూ చూసుకోవచ్చనే ఇక్కడ పనికి కుదిరాను. వచ్చి చూస్తే కొట్టం ఖాళీ. పోయిన ఎండాకాలమే చచ్చిపోయిందట.

"మేత ముట్టలేదప్పా," అన్నాడు రైతు. "ఆ మూలనే నిలబడుకోని వాకిలి దిక్కు సూస్తా ఉండె. ఎర్రెద్దా అని పిలిస్తే తల గూడా తిప్పలేదు."

ఆ మూల గుంజకు సోముడి మెడకు కట్టిన పలుపు ఇంకా వేలాడుతూ కనబడింది. నువ్వు పేనిన పలుపే. సంతకు పంపేటప్పుడు ఎన్నిసార్లు చెప్పావో, "ఎద్దును అమ్మినా పలుపు మాత్రం విప్పుకోని రావల్ల. పలుపు పోతే కొట్టం కళ పోతాది" అని. బేరం కుదిరిన తొందరలో పలుపుతోనే పట్టించేశాను. ఆటోలో యాడనో పడిపోయిందని నీకు అబద్ధం చెప్పాను. నువ్వు మన కొట్టంలో పలుపు తగిలించే ఖాళీ కొయ్యను చూస్తూ కూర్చున్నావు. తిట్టి ఉంటే బాగుండేది.

గుంజ పీకేశాను. ఆ మూల గోడకు రెండుసార్లు సున్నం కొట్టాను. సోముడు ఒళ్లు రుద్దుకున్న జిడ్డు మరక మళ్లీ పైకి తేలుతోంది. మొన్న దించిన కోడిపిల్లలు షెడ్డంతా తిరుగుతాయి, ఆ మూలకు మాత్రం పోవు. గాలి కొడుతోందని రైతు గోనెపట్టా కట్టించాడు. అయినా పోవు. దాణా పోస్తూ అటు వీపు పెడితే మెడ మీద వెచ్చటి ఊపిరి తగులుతుంది. భయం కాదు నాయనా, తిరిగి చూడడానికి మొహం చెల్లడం లేదు.

పలుపును ఈ ఉత్తరంతో పాటు తెలిసినవాళ్ల ఆటోలో పంపుతున్నాను. అవ్వకు, పెదనాయనకు నా దండాలు చెప్పు. నన్ను ఎంతైనా తిట్టు, దీవించడం మాత్రం మానొద్దు. పలుపు కొయ్యకు తగిలించేటప్పుడు వాణ్ని ఒక్కసారి పేరు పెట్టి పిలువు. సంతలో పలుపైతే ఇచ్చాను గానీ, పేరు చెప్పడం మరిచిపోయాను. చచ్చేదాకా ఇక్కడ ఎవరూ వాణ్ని సోముడా అని పిలవలేదు.

నీ కొడుకు
ఈరన్న