ఫిలొమీన గారి వెండి కిరీటం

అమ్మకు,

నీ చిన్న కూతురు సుజాత నమస్కరించి రాస్తున్నది. మేమిద్దరం, కడుపులో ఉన్న బిడ్డని కూడా కలుపుకుంటే ముగ్గురం, కులాసా. నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? వదినకి కాళ్ళవాపు తగ్గిందా? ఇక్కడ ఎండలు మొదలయ్యాయి గానీ మన ఎండల ముందు ఇవి పసిపిల్లలు. నేను వేళకి తింటున్నాను, పాలు తాగుతున్నాను. నిజంగానే తాగుతున్నాను.

నీ ఉత్తరంలో పైన ఒకసారి, కింద ఒకసారి, చోటు లేక అంచున ఇంకోసారి అడిగావు: "నొప్పులొస్తే పక్కన ఎవరుంటారే?" అని. వదినకీ నాకూ కాన్పు ఒకే నెల పడటం నీ తప్పు కాదు, నా తప్పూ కాదు. నువ్వు అక్కడే ఉండాలి. ఈయనది మిల్లులో రెండో షిఫ్టు, ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఫోనుంది, అంబులెన్సుంది అని నీకు రాశానే గానీ, సాయంత్రమయ్యేసరికి నాకూ గుండె జారేది. ఇప్పుడు ఫరవాలేదు. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు.

మా కింది వాటాలో ఫిలొమీన గారని ఒక పెద్దావిడ ఉంది. పోర్చుగీసు వాళ్ళు. సముద్రం మధ్య ఏవో దీవుల నుంచి వచ్చారట. ఆవిడ ఇంగ్లీషూ నాదీ ఒకే తరగతి. మేం దిగిన కొత్తలో గిన్నెడు సూప్ తెచ్చిపెట్టింది. అది ఆవు మాంసం. ఈయన గుమ్మంలోనే "సారీ, వి ఆర్ వెజిటేరియన్స్" అని పంపేశారు. ఆ ఆదివారమే మా ఇంట్లో కోడికూర. వాసన కిందికి వెళ్ళదూ? తన చేతి తిండి మాకు అంటు కాబోలు అని ఆవిడ అనుకుంది. ఆ తరవాత మెట్ల మీద ఎదురైతే గోడ వైపు చూసేది. నువ్వు సూట్‌కేసులో కుక్కి పంపిన చిన్న రోట్లో నేను పచ్చడి నూరితే, కింది నుంచి చీపురు కర్రతో కప్పు మీద పొడిచేది. మేం మాట్లాడుకున్నదంతా ఇంతే.

ఈమధ్య వాళ్ళ పరిశుద్ధాత్మ పండుగ వచ్చింది. చర్చిలో ఉండే వెండి కిరీటాన్ని వారానికొకరింట్లో పెట్టి పూజిస్తారు, ఆఖరివారం ఊరేగించి ఊరందరికీ భోజనం పెడతారు. ఆ ఆఖరివారం కిరీటం ఫిలొమీన గారింట్లోనే ఉంది. ఆనవాయితీ ప్రకారం ప్రతి గుమ్మానికీ వెళ్ళి పిలవాలి కాబట్టి మా గుమ్మానికీ వచ్చింది. నా మొహం చూడకుండా, తలుపుకి చెప్పి వెళ్ళిపోయింది.

"వెళ్తే మళ్ళీ ఆ సూపే పెడతారు, మళ్ళీ వద్దనాలి. అనవసరంగా ఎందుకు? స్కిప్ చేసేయ్" అన్నారు ఈయన.

"దేవుడి పిలుపు కాదంటామా?" అన్నాను. నీ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో ఆపిల్ పళ్ళూ పూలూ పెట్టుకుని బయల్దేరాను. ఈయన మొహం మాడ్చుకుని వెనకాలే వచ్చారు.

ఊరేగింపు ఎంత బాగుందనుకున్నావు! ముందు బ్యాండు మేళం, వెనక తెల్లగౌన్ల పిల్లలు, చేతుల్లో రొట్టెలు పట్టుకున్న ఆడవాళ్ళు. పట్టుచీరలో నేను నడుస్తుంటే ఎవరూ వింతగా చూడలేదు. చర్చి పక్క హాల్లో పొడుగాటి బల్లల ముందు అందరినీ కూర్చోబెట్టారు. డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే వరస. మన సంతర్పణే అమ్మా, అరిటాకుల్లేవంతే.

వడ్డనకి ముందు ఫిలొమీన గారు కిరీటం పట్టుకుని వరసగా వచ్చింది. దాని మీదున్న వెండి పావురం బొమ్మని ఒక్కొక్కరే ముద్దుపెట్టుకుంటున్నారు. ఆ ముద్దు సంగతి నేను గమనించనేలేదు. మెరిసే వెండి, పక్కన దీపం, వరసగా వంగుతున్న తలలు చూసేసరికి నాకు మన గుడి జ్ఞాపకమొచ్చింది. ఆవిడ నా ముందు ఆగగానే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, శఠగోపానికి వంచినట్టు తల వంచేశాను.

ఏమీ జరగలేదు. ఈయన మోచేత్తో పొడుస్తున్నారు. వాళ్ళలో కిరీటం తలమీద పెట్టడం పెద్ద గౌరవమట, ఎవరికిపడితే వాళ్ళకి కాదట. నాకేం తెలుసు? సిగ్గుతో చచ్చిపోయి తల ఎత్తబోతున్నాను. అంతలో చల్లగా, బరువుగా తలకి వెండి తగిలింది. ఫిలొమీన గారు ఏదో మంత్రంలా గొణిగి, కిరీటం తీసి, దాని అంచుని నా పొట్టకి కూడా ఆనించింది. నాకు ఏడుపొచ్చేసింది. ఎన్నాళ్ళయింది అమ్మా, నా తలమీద పెద్దవాళ్ళ చెయ్యి పడి!

తరవాత సూప్ వచ్చింది. ఈసారి నేనే చెప్పాను. "ఆవు మాకు తల్లి. తినం. కోడి తింటాం. మీ చేతిది ఏదైనా తింటాను, ఆవు కాకపోతే."

"ఆవు మాత్రమేనా?" అంది ఆవిడ.

"ఆవు మాత్రమే."

"మరి నీ మొగుడు అలా ఎందుకు చెప్పాడు?"

"మగాడు కదా, తొందర" అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఈయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ నా పళ్ళెంలో తియ్యటి రొట్టె పెద్దముక్క పెట్టింది. నేను కళ్ళకద్దుకుని తిన్నాను. మన బొబ్బట్టంత కాదు గానీ బాగుంది.

ఇంటికొస్తూ మెట్ల దగ్గర ఆగి, "నీ అమ్మ వస్తుందా?" అని అడిగింది. రావడానికి వీల్లేదన్నాను. "నొప్పి వస్తే నేలమీద గట్టిగా కొట్టు. నాకు ఐదుగురు. ఏం చెయ్యాలో తెలుసు" అంది.

ఇక నిన్న ఏమైందో విను. నోరు చప్పగా ఉందని రోట్లో కొబ్బరిపచ్చడి నూరుతున్నాను. ధడధడా మెట్ల చప్పుడు. తలుపు తీస్తే ఫిలొమీన గారు! ఒక కాలికే చెప్పు, చేతిలో తువ్వాళ్ళు, నోట్లో ప్రార్థన. నా చేతిలో పచ్చడిబండ చూసి అక్కడే కుర్చీలో కూలబడింది. ఊపిరి తీసుకున్నాక ఆ పచ్చడే అన్నంలో కలిపి పెట్టాను. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా గిన్నె వదల్లేదు.

కాబట్టి కాన్పయ్యేదాకా ఈ ఇంట్లో రోలు ముట్టను. గోంగూర పచ్చడి నువ్వే పట్టి, ఎవరైనా వస్తుంటే పంపు. రెండు సీసాలు, ఒకటి కింది వాటాకి.

నాన్నగారికీ అన్నయ్యకీ నా నమస్కారాలు. వదినని ఎక్కువ పని చెయ్యనివ్వకు. అమ్మమ్మ పాదాలకి నా తరఫున నువ్వే మొక్కి, దీవెన నాకు రాసి పంపు. నీకూ ఒక కబురుంది. ఈ ఉత్తరం రాస్తుంటే ఫిలొమీన గారు పక్కనే ఉంది, చెప్పమంది:

"మీ అమ్మకి రాయి, కింద నేను వింటున్నానని."

నీ
సుజాత