మంచుకొండ మీద పిలిచిన పేరు

డిసెంబర్, మంగళవారం

మా కంపెనీలో ఒకరు కోల్డ్ రూమ్‌లోకి వెళ్తే ఇంకొకరు తలుపు బయట నిలబడి రెండు నిమిషాలకోసారి పేరు పెట్టి పిలవాలి. పలక్కపోతే తలుపు తీసెయ్యాలి. ఆ రూలంటే నాకు చిరాకు. లక్డారం నుంచి పటాన్‌చెరుకు పొగమంచులో ఒక్కణ్నే బండి మీద వస్తుంటే నన్నెవరు పిలుస్తున్నారు?

నాతో డ్యూటీ చేసే దీవాన్‌ది ఉత్తరాఖండ్, కానీ ఇక్కడి యాస బాగానే పట్టేశాడు. ఒక చలికాలం మంచుకొండల అంచు మీద మూడు రోజులు ఒంటరిగా నడిచాడట. పొద్దున చాయ్ తాగుతూ అడిగాను.

"ఆడ నిన్నెవరు పిల్చిన్రు తమ్మీ?"

"నేనే పిల్చుకున్న అన్నా. కూసుంటే నిద్రొస్తది, నిద్రపోతే ఖతం. ఆధార్ కార్డుల పేరుతోని పిలిస్తే కాళ్లు లేవలే. అమ్మ పిలిచే పేరుతోని పిలిస్తే లేచిన."

ఆ పేరేందంటే నవ్వాడే గానీ చెప్పలేదు.

మధ్యాహ్నం కోల్డ్ రూమ్‌లో డబ్బాలు సర్దుతుంటే అదే ఆలోచన. నేనైతే ఏ పేరుకు లేస్తాను? ఎవరూ వినరు కదా అని, మా అవ్వ, అంటే అమ్మ, పిలిచినట్టే "యాదిగా" అని మెల్లగా పిలుచుకున్నాను. అవ్వ పోయాక ఆ పేరు వినడం ఇదే మొదలు.

"వస్తున్ననే అవ్వా" అంది నా నోరు, నేను అనుకోకుండానే.

అంతలో దీవాన్ తలుపు తీశాడు. "యాదగిరన్నా" అని మూడుసార్లు పిలిచాడట. నాకు వినపడనే లేదు.