మోటారు అందుకోలేని స్పీడు

శ్రీకాంత్‌కి,

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. పూర్తిగా చదువు.

మన షాపులో చెక్కిన చర్చి తలుపు పాడైంది మన పనాయన శ్యాంబాబు వల్ల కాదు, నీ వల్ల. మిషను మీద చెక్క సరిగ్గా బిగించలేదని పాస్టరుగారి ముందే ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టావు. నీకన్నా పెద్దవాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నిన్న కంప్యూటర్ తెరిచి చూశాను. మనిద్దరికే తెలిసిన పాస్‌వర్డ్‌తో చెక్కే మిషను స్పీడు పెంచేశావు. కంప్యూటర్ పంపే ఒక్కో సిగ్నల్‌కి మోటారు ఒక్కో స్టెప్పు తిరుగుతుంది. అందుకోలేనంత వేగంగా పంపితే కొన్ని స్టెప్పులు వదిలేస్తుంది. వదిలేసిందని కంప్యూటర్‌కి తెలీదు, తన దారిన తాను చెక్కుకుంటూ పోతుంది. అందుకే తలుపు మీద చెక్కే ద్రాక్షతీగ సగం నుంచి పక్కకి జరిగిపోయింది. పనికిరాని చెక్క మీద నీ స్పీడులో చెక్కించాను, మళ్లీ అలాగే జరిగింది. పాత స్పీడులో తిన్నగా వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

శ్యాంబాబు ఇంటికి వెళితే, ఆయన భార్య తబిత నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "మేం వెళ్లే చర్చే కదండీ అది. సిగ్గుతో ఈయన ఆదివారం ప్రార్థనకి కూడా రాలేదు," అంది. నేను తలెత్తలేకపోయాను. లోపలికెళ్లి శ్యాంబాబుకి జరిగింది చెప్పి, మళ్లీ పనిలోకి రమ్మన్నాను. వస్తానన్నాడు. "సార్‌ని మాత్రం ఏమీ అనకండి మేడమ్," అన్నాడు.

ఆ మాటకి నీ మీద కోపం ఇంకా పెరిగింది. వచ్చే ఆదివారం ఆ చర్చికి వెళ్లి, తప్పు నీదని అందరి ముందూ చెప్పు. తమ్ముడివని చూడను. చెప్పాకే షాపులో అడుగుపెట్టు.

మీ అక్క