ఖలాస్ అంటే

పెద్దబాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ కబురు ముందు నీకే చెప్పాలి.

ఇక్కడ బహ్రెయిన్‌లో, హమద్ టౌన్ బడిలో నాతో చదివిన సమీర్ సెలవులకని తన దేశం సూడాన్ వెళ్లి యుద్ధంలో చిక్కుకుపోయాడు. పోయిన వారం మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యను కాల్చేశారు. శుక్రవారం నేనూ తుపాకీ పడుతున్నాను. ఖలాస్."

మన ఊళ్లో ఖలాస్ చేయడమంటే చంపడమే కదా, నేనూ అలాగే చదువుకున్నాను. తర్వాత అరబీ నిఘంటువు తీశాను. 'చాలు' అని ఉంది, 'విముక్తి' అని కూడా ఉంది! అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నువ్వుండే లేబర్ క్యాంపులో వంట వంతు కోసం ఇద్దరు కలబడితే మధ్యలో దూరి, "ఖలాస్ భాయ్, ఇగ సాలు! యల్లా, నడువుండ్రి, బువ్వ సల్లారుతాంది" అనేవాడివి.

సమీర్‌కు అదంతా రాశాను. "నీ మాటకు మా ఊరి అర్థం ఇవ్వకు. అన్నయ్యను చంపినవాళ్లలాగా నువ్వూ కావద్దు" అన్నాను.

శుక్రవారం దాటింది, జవాబు లేదు. ఇవాళ పొద్దున వాయిస్ మెసేజ్ వచ్చింది.

"పిచ్చిదానా, నాకే అరబీ నేర్పుతావా? వెళ్లలేదులే. శరణార్థుల శిబిరంలో పిల్లలకు నీళ్లు మోస్తున్నా."

ఇల్లంతా గెంతాను. పెద్దబాపూ, ఒక తుపాకీకి చెయ్యి దొరకలేదు!

నీ లత