బోర్డు అడిగిన పేరు

జూన్ 12, బుధవారం

నా రాత వంకర. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. దీన్ని చదివేవాళ్లు ఎవరూ లేరు, ఒకవేళ ఉంటే మన్నించాలి. ఆరో క్లాసు మధ్యలో బడి మానేసినదాన్ని. రోజూ నాలుగు మాటలు రాస్తే చేయి తిరుగుతుందని మా ఆయనే ఈ నోట్‌బుక్ కొనిచ్చాడు. తాను చూడనని ఒట్టేశాడు.

ఆయన కన్నడ రాష్ట్రం సరిహద్దు పల్లెలో తెలుగు మీడియం బడికి గెస్ట్ టీచర్. మేముండే బ్రూస్‌పేట నుంచి రోజూ బండి మీద వెళ్తాడు. ఆ బడికి స్మార్ట్ బోర్డు వచ్చింది. పెద్ద టీవీ లాంటిదట, వేలితో తాకితే పాఠం వస్తుందట. కానీ పాఠాలన్నీ కన్నడంలోనే ఉన్నాయి. తెలుగు పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారట. ఇక తానే తెలుగులో వీడియోలు తీస్తానంటున్నాడు.

జూన్ 20, గురువారం

మా గదిలోనే షూటింగ్. బీరువాకు తెల్ల దుప్పటి కట్టాడు. ఫోన్ నేను పట్టుకున్నాను. నీళ్లు మబ్బులెలా అవుతాయో చెప్పాడు. మధ్యలో ఆగి "ఏం, అర్థమాయనా?" అని నన్నే అడుగుతాడు. నేను తల ఊపితేనే ముందుకు. నాకు అర్థమైతే ఏ పిల్లకైనా అర్థమవుతుందట. అది పొగడ్తో ఎగతాళో తెలియదు.

ఒకసారి తల ఊపడానికి బదులు "ఊ" అనేశాను. రికార్డయిపోయింది. తీసేయమని బతిమాలాను. ఉండనీ అన్నాడు. తలుపు అవతల నుంచి అత్త, బడి ఆడుండాదా ఈడుండాదా అని అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 9, మంగళవారం

ఫోన్‌లో చోటు లేదు. పాఠాలన్నీ బోర్డులోకి ఎక్కించి ఫోన్‌లోవి తీసేశాడు. పెద్ద పిల్లలు గేమ్స్ ఎక్కిస్తున్నారని బోర్డుకు పాస్‌వర్డ్ కూడా పెట్టాడు. ఏం పెట్టావని అడిగాను.

చెవిలో చెప్పాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను పిలిచే పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో. అంతమంది పిల్లల ముందు, పగటిపూట, వేలితో కొడుతున్నాడు. దిండు తీసుకుని బాదాను. ఎవరికైనా తెలిస్తే బతకనన్నాను. హెడ్‌మాస్టర్‌కు కూడా చెప్పనని నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

జూలై 16

బోర్డులో ఆయన "అర్థమాయనా?" అనగానే పిల్లలంతా "ఆయ సార్" అని అరుస్తున్నారట. పక్కనే నిలబడ్డ అసలు మనిషి వైపు ఒక్కరూ చూడరట. ఆ మాట చెప్పి, అలిగినవాడిలా పడుకున్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

ఆగస్టు 17, శనివారం

ఆయన పోయాడు. బడికి వెళ్తుంటే ఖనిజం లారీ కొట్టింది. బండీ ఫోనూ నుజ్జయిపోయాయి.

ఇంతకంటే రాయడం రాదు.

ఆగస్టు 29, గురువారం

హెడ్‌మాస్టర్ రుద్రేశ్ సార్ వచ్చాడు. నడవలో అత్త, మామ, మరిది, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు. నన్ను తలుపు దగ్గరికి పిలిచారు. సార్ నేల చూస్తూ మాట్లాడాడు. బోర్డు తెరుచుకోవడం లేదట. పాస్‌వర్డ్ గురునాథ్‌కు తప్ప ఎవరికీ తెలియదట. కంపెనీవాళ్లొస్తే రీసెట్ చేస్తారట. చేస్తే గురునాథ్ పాఠాలు ఒక్కటీ మిగలవట. ఇంకెక్కడా లేవు.

"నీకేమన్నా చెప్పిండాడేమ్మా? స్వల్ప యోచన చేసి చెప్పు."

మామ అందుకున్నాడు. దేవుని పేరే పెట్టుంటాడు, కొట్రేశ్వరుడని కొట్టి చూడమన్నాడు. మరిది బండి నంబర్ చెప్పాడు. ఎవరో చచ్చిపోయిన అవ్వ పేరు చెప్పారు. వానికి బొరుగుల ఉగ్గాని అంటే ప్రాణం, అది రాసుకో సార్ అని అత్త ఏడ్చింది. సార్ అన్నీ రాసుకున్నాడు, ఉగ్గానితో సహా.

ఆ పేరు నా నాలుక మీదే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. అంతమందిలో ఆ మాట అంటే, మా గది తలుపు బార్లా తెరిచినట్టే.

"తెలీదు సార్" అన్నాను.

ఆగస్టు 30

చీటీ మీద రాశాను. ఆ అక్షరాలు ఆయన నేర్పినవే. ఎవరి చేత పంపాలి? మరిది చదువుతాడు. చదివితే నవ్వుతాడు, లేకపోతే ఏడుస్తాడు. రెండూ నేను చూడలేను. నెల మాసికం అయ్యేదాకా నేను గడప దాటకూడదు.

సెప్టెంబర్ 4

జాకెట్‌లో పెట్టుకుంటే చెమటకు చీటీ అలుక్కుపోయింది. మళ్లీ రాశాను.

సెప్టెంబర్ 18, బుధవారం

మాసికం అయింది. ఆయనకు రావాల్సిన జీతానికి నా సంతకం కావాలని మామ బడికి తీసుకెళ్లాడు. ఆయన రోజూ వెళ్లే దారి మొదటిసారి చూశాను. మామ జిరాక్స్‌కు వెళ్లినప్పుడు చీటీ సార్ ముందు పెట్టాను. ముఖం ఎత్తలేదు.

సార్ విప్పి చదివాడు. తర్వాత మడిచి నా చేతికే ఇచ్చాడు.

"పోయిన శుక్రవారమే కంపెనీవాళ్లు రీసెట్ చేసిపోయినారు తల్లీ."

ముందే ఎందుకు చెప్పలేదని సార్ నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

వరండాలో నిలబడి చూశాను. కొత్తగా వచ్చిన ప్రవీణ్‌కుమార్ సార్ బోర్డు నడుపుతున్నాడు. మబ్బుల పాఠమే. కన్నడంలో ఎవరో ఆడమనిషి గొంతు, చాలా చక్కగా ఉంది. బొమ్మ మారడానికి ఒకచోట ఆగింది.

"ఆయ సార్" అన్నారు పిల్లలు, అందరూ ఒక్కసారే.

ప్రవీణ్‌కుమార్ సార్ చుట్టూ చూశాడు. ఎవరు ఏమడిగారో ఆయనకు తెలియలేదు.

నేను తల ఊపాను.

సెప్టెంబర్ 19

ఆ పేరు ఇప్పుడు ఇద్దరికి తెలుసు. నాకూ, హెడ్‌మాస్టర్‌కూ. సార్ మరిచిపోతే బాగుండు. మరిచిపోకుంటే బాగుండు.

ఈ బుక్కులో ఎక్కడా రాయలేదు, వెతకొద్దు. దొరికినవాళ్లు దీన్ని పొయ్యిలో పెట్టేయండి. తప్పులు దిద్దొద్దు.