పైకి చెప్పే షుగర్ మిషన్

లచ్చమ్మా,

నువ్వు పోయినా, నీ మీద ఒక కోపం నాకింకా పోలేదు. దవాఖాన నుంచి వచ్చిన ప్రతిసారీ నీ షుగర్ ఎంతుందని అడిగితే, "మంచిగనే ఉన్నదంట" అని వంటింట్లోకి పోయేదానివి. డాక్టరు ఇంగ్లీషులో రాసింది నాకు చదవరాదని నీ ధైర్యం. చివరిదాకా నిజం చెప్పలేదు.

ఇప్పుడు ఆ షుగర్ నాకొచ్చింది. తెలంగాణ బంద్‌లతో బస్సుల్లేక దవాఖానకు పోలేకపోతున్నాను. ఇంట్లోనే చూసుకునే మిషన్ కొందామని నిన్న కోడలూ నేనూ ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాం. సగం దించిన షట్టర్ కింద వంగి మందుల షాపులోకి దూరాం. షాపాయన కోస్తా మనిషి. మూడు మిషన్లు చూపించాడు. ఒకటి జేబులో పడుతుంది. ఒకటి చవక. మూడోది నంబరు పైకి చెప్తుంది.

"అది హిందీలో మాట్లాడుతుందండి, పెద్దాయనా."

"హిందీ లెక్క నీకంటె నాకే మంచిగొస్తది. గదే ఇయ్యి."

కోడలు నవ్వింది. "మామా, గల్లీ అంత ఇనవడ్తది."

"ఇననియ్యి. మా ఇంట్ల ఇగ ఎవ్వలు నంబరు దాసుడు లేదు."

పొద్దున వేలు గుచ్చుకుంటే "దో సౌ దస్" అని గట్టిగా చెప్పింది, రెండువందల పది. కోడలు వచ్చి నా చక్కెర చాయ్ గ్లాసు తీసుకుపోయింది. నువ్వు చెప్పి ఉంటే నీ గ్లాసు నేనూ అట్లనే తీసేవాణ్ణి.

పెద్దలకు పెట్టే పెత్రమాసలోపు కలలోకొచ్చి నీ నంబరెంతో చెప్పు. ఆ రోజు నీకు పెట్టే పాయసంలో బెల్లం వెయ్యాలో వద్దో నాకు తెలియాలి.